పాత ఇనుముకు ఇవ్వని బండి

మా బండికి రెండు చోట్ల నుంచి పొగ వచ్చేది. వెనక గొట్టంలోంచి వచ్చేదాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అది అన్ని బండ్లకూ వచ్చేదే. గొడవంతా రెండో పొగతోనే. ఇంజన్‌లో నూనె పోసే మూత సందులోంచి, గేరు కడ్డీ చుట్టూ ఉన్న ఖాళీలోంచి, డ్రైవరు కాళ్ల కింది రేకుల్లోంచి నీలంగా, ఘాటుగా లేచేది. ముందు గదిలో కూర్చుంటే కళ్లు మండేవి. చీర రెండు ఉతుకులు వేసినా ఆ వాసన పోయేది కాదు.

అది మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన చిన్న లారీ. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే బల్లల తొట్టి. దాని పెట్రోలు ఇంజన్ ఎప్పుడో పోతే ఎవరో డీజిల్ ఇంజన్ ఎక్కించారు. మా ఆయన కొనేనాటికే దానికి వయసు మళ్లింది. నా చేతి కడియాలు దాంట్లోకే పోయాయి. అందుకని అది సగం నాదని నేను అనుకునేదాన్ని. అలా అనుకున్నది నేనొక్కదాన్నే.

పోలీసు యాక్షన్ జరిగి కొన్నేళ్లయింది. నాంపల్లి స్టేషన్ గూడ్స్ షెడ్డు నుంచి ఆబిడ్స్ దుకాణాలకు బట్టల బేళ్లు, మొజంజాహీ మార్కెట్‌కు పండ్ల పెట్టెలు మోసేది మా బండి. మా ఇల్లు దాని మీదే నడిచేది. ఆ వానాకాలం ఒక బేలు జారి మా ఆయన తొడ మీద పడింది. ఎముక విరిగింది. దవాఖానలో కట్టు కట్టి ఇంటికి పంపారు. ఆయన మంచం మీద, బండి జీతపు డ్రైవరు చేతిలో. అదే సమయంలో రెండో పొగ ఎక్కువైంది.

ఆబిడ్స్‌లో మేం బేళ్లు వేసే దుకాణం గుమాస్తా ఒకరోజు బేలు విప్పి, బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని, మడిచి పక్కన పెట్టాడట. "నూనె కంపు కొడుతున్నది. ఇంకోపారి గిట్ల తెస్తే వేరే బండి చూసుకుంటం" అన్నాడని డ్రైవరు వచ్చి చెప్పాడు. ఆ దుకాణం పోతే మాకు మిగిలేది పండ్ల పెట్టెలు. అవి ఏడాదంతా ఉండవు.

సంగతి మా బావగారికి తెలిసింది. ఆయన మా ఆయనకు అన్న, కాచిగూడలో సొంత ఇల్లున్నవాడు, కచేరీలో ఉద్యోగం. ఆయనే బండిని నాంపల్లిలో లారీలు బాగుచేసే ఉస్తాద్ షెడ్డుకు పంపి చూపించాడు. చూపించి మా ఇంటికి వచ్చాడు. మా వైపు బావగారి ఎదుట పడి మాట్లాడే అలవాటు లేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆయనతో నేను చెప్పిన ప్రతి మాటా తలుపు చాటు నుంచి, మా ఆయన నోటి మీదుగా వెళ్లిందే. ఆ రోజూ తలుపు వెనకే ఉన్నాను.

"ఇంజన్ అయిపోయిందటరా," అన్నాడు బావగారు. "ఉస్తాద్ నూనె మూత తీసి పెడితే ఎగిరి పడ్డదట. పాత ఇనుము కొనేటాయన శుక్రవారం వస్తనన్నడు. అమ్మేద్దాం. మీరు కాచిగూడకు వచ్చేయున్రి. ఎనక గది ఖాళీగనే ఉన్నది."

"నీ ఇష్టం అన్నా," అన్నాడు మా ఆయన. నొప్పితో ఉన్న మనిషి, దేనికైనా ఔననేవాడు ఆ రోజుల్లో.

వెనక గది నాకు తెలుసు. మా తోటికోడలు చెడ్డ మనిషి కాదు. కానీ ఆ ఇంట్లో బియ్యం డబ్బా మూత ఆమే తీయాలి, పప్పు ఆమే కొలవాలి. ఇంకొకరు కొలిచి పోసిన బియ్యంతో నా పిల్లలకు అన్నం వండటం నా వల్ల కాదు. అది నాకు ఆ క్షణానే తెలిసిపోయింది. తలుపు అవతలికి వచ్చాను.

"బావా, ఉస్తాద్ ఇంజన్ ఇప్పి చూసిండా?"

ఆయన నా వైపు చూడలేదు. తమ్ముడి వైపే చూశాడు. "ఏందిరా, ఇంజన్ల సంగతి గూడ మీ ఇంట్ల ఆడోళ్లే మాట్లాడుతున్రా?"

"కడియాలు ఇచ్చినప్పుడు ఆడదాన్నని ఎవ్వరు వద్దనలే బావా," అన్నాను. "ఇప్పి చూసిండా లేదా, గదొక్కటి చెప్పున్రి."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మా ఆయన గోడ వైపు తిరిగి, "నువ్వు గట్ల మాట్లాడొద్దే, అన్న బాధపడ్డడు" అన్నాడు. "పడనియ్యి" అన్నాను.

మర్నాడు డ్రైవరు పక్కన కూర్చుని షెడ్డుకు వెళ్లాను. ఆ షెడ్డు నాంపల్లి స్టేషన్ వెనక రేకుల కింద ఉండేది. నేల నల్లగా, నూనె పీల్చి మెత్తగా ఉంది. ఉస్తాద్ పెద్ద మనిషి, ఎర్ర గడ్డం, చెవిలో బీడీ. ఆ చుట్టుపక్కల లారీలన్నీ ఆయన చేతికే వచ్చేవి.

"ఏమ్మా, దారి తప్పినవా?"

"తప్పలే. నా బండి మీదనే వచ్చిన. దీని పని అయిపోయిందని చెప్పిన్రట. ఇప్పి చూసి చెప్పిన్రా, చూడకనే చెప్పిన్రా?"

"చేతి నబ్జ్ పట్టుకుంటే హకీంకు తెల్వదా? మూత తీసి పెడితే కప్ప తీర్గ ఎగిరింది. బ్యాక్ కంప్రెషన్. ఇంక ఇప్పేదేమున్నది?"

"హకీం గూడ నాలిక చూపియ్యమంటడు ఉస్తాద్. మీరు చెయ్యి పట్టుకొనే శవం అన్నరు."

షెడ్డులో పనివాళ్లు నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు గానీ బీడీ చెవిలోంచి తీసి వెలిగించాడు. "సరే, నీ కండ్లతోనే చూడు" అని ఇంజన్ నడిపించమన్నాడు. నూనె పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టాడు. మూత టకటకలాడి, ఎగిరి, రేకు మీద పడింది. వెనకే పొగ.

బ్యాక్ కంప్రెషన్ అంటే ఏమిటో అప్పుడే చెప్పాడు. పిస్టన్‌ను పైనుంచి తన్నాల్సిన మంట గాలి, దాని చుట్టూ ఉండే రింగుల పక్క సందుల్లోంచి కిందికి జారుతుంది. కింద నూనె ఉండే చాంబర్‌లో అది నిండి, దారి దొరికిన చోటల్లా తన్నుకుని బయటికి వస్తుంది. కొత్త ఇంజన్‌కూ కొంచెం ఉంటుంది. ఇంత ఉంటే మాత్రం లోపల అరిగిపోయినట్టే.

నేను వంగి ఇంజన్ పక్కన కిందికి వంచి ఉన్న ఒక గొట్టం చూశాను. దాని మూతి దగ్గర తారులా నల్లగా కట్టింది. పొగ మాత్రం లేదు.

"ఇదేంది ఉస్తాద్?"

"బ్రీదర్. ఇంజన్‌కు ముక్కు. లోపటి ఆవిరి దీంట్లకెళ్లే పోవాలె."

"మరి పోతలేదు గదా?"

ఉస్తాద్ దాని మూతి కింద అరచేయి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచి, మెల్లగా డ్రైవరు వైపు తిరిగాడు. డ్రైవరు తల గోక్కున్నాడు.

"గుమాస్తా సాబ్ మొదటిపారి కంపు అన్నప్పుడు... గీ గొట్టం మూతి సక్కగ తొట్టి బల్లల కిందికే ఉన్నది ఉస్తాద్. పొగంతా బేళ్లకే తాకుతున్నది. గందుకే జర గోనెపట్ట ముక్క కుక్కిన."

"అరే, ముక్కు మూస్తే నోట్లకెళ్లి ఊపిరి తియ్యక ఏం చేస్తదిరా!" ఉస్తాద్ అరిచిన అరుపుకు పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చారు. "బేళ్లు తెల్లగుండాలని ఇంజన్‌కు ఉరి పెడ్తవా?"

వాడు చెడ్డవాడు కాడు. దుకాణం పోకూడదనే చేశాడు. కానీ గొట్టం మూసేసరికి గాలి గేరు కడ్డీ దారి పట్టింది, నూనె ఇంజన్ వెనక సీలును తోసుకుని కారడం మొదలైంది, కంపు ఇంకా పెరిగింది. తీగ వంచి లాగితే చేతి రుమాలంత గోనెపట్ట వచ్చింది, పిండితే నూనె. మళ్లీ ఇంజన్ నడిపి, మూత తిరగేసి పెట్టారు. ఈసారి టకటకలాడింది, పడలేదు. బ్రీదర్ మూతి మాత్రం హుక్కా తాగుతున్నట్టు పొగ వదిలింది.

"తగ్గింది. పోలే," అన్నాడు ఉస్తాద్. "రోగం ఉన్నదే అమ్మా. గుడ్డ ఒక్కటే అయితే నేనే నీకు మిఠాయి తినిపిస్తుంటి."

"ఉన్నది సరే. దీనికి నాలుగు సిలిండర్లని మా ఆయన అంటడు. నాలుగూ చెడినయా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. పాత ఇనుముకు పోయే బండికి అంత చూడటం ఆయనకు దండగ. నేను అక్కడి నుంచి కదలనని ఆయనకు తెలిసిపోయిందనుకుంటాను. పానా తీసుకున్నాడు.

ఇంజన్ నడుస్తూనే ఉంది. ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తీసుకుపోయే సన్నటి పైపు నట్టును వదులు చేశాడు. మొదటిది వదులు చేస్తే ఇంజన్ తడబడింది, బ్రీదర్ పొగ మారలేదు. రెండోదీ అంతే. మూడోదాన్ని వదులు చేస్తే ఇంజన్ చప్పుడు పెద్దగా మారలేదు గానీ బ్రీదర్ పొగ సగానికి పడిపోయింది. బిగిస్తే మళ్లీ వచ్చింది. నాలుగోది మొదటిదాని లాగే.

"మూడోదే దొంగ," అన్నాడు.

తర్వాత ఇంజన్ ఆపి, డీజిల్ చిమ్మే నాజిళ్లను విప్పాడు. ఒక్కో సిలిండర్‌కు మాత్రమే నాజిల్ బిగించి, ముందు నుంచి హ్యాండిల్ తిప్పించాడు. మూడోదాని దగ్గర హ్యాండిల్ గడ్డి కోసినంత తేలిగ్గా తిరిగింది. దాంట్లో గరిటెడు ఇంజన్ నూనె పోసి మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి తిప్పేవాడి భుజం బిగుసుకుంది.

అది చూడగానే నాకు మా పంపు స్టవ్ గుర్తొచ్చింది. పంపులో తోలు వాషర్ ఎండితే ఎంత కొట్టినా గాలి పక్కల నుంచి వెనక్కి వస్తుంది, స్టవ్ అంటుకోదు. ఒక చుక్క నూనె పోస్తే తోలు ఉబ్బి పట్టుకుంటుంది. "వాషర్ పోయింది ఉస్తాద్" అన్నాను.

"ఔ, వాషరే. ఇది ఇనుప వాషర్, రింగ్ అంటం. నూనె పోసినా దమ్ము రాకుంటే పైన వాల్వులు చెడినట్టు. వచ్చింది గనక రింగులే."

"మా స్టవ్ వాషర్ అరిగిందా, ఎండిందా చూడకుండ నేను కొత్తది కొనను. ఇదేం అయిందో ఎట్ల తెలుస్తది?"

రింగులు అరిగి ఉండొచ్చు, లేదా మసి పట్టి గాడిలో ఇరుక్కుని ఉండొచ్చు అన్నాడు. అరిగితే సిలిండర్ గోడా పోయినట్టే, దాన్ని తొలిచి నున్నగా చేసే బోరింగు చేయించాలి, అంతకంటే ఇనుముకు అమ్ముకోవడం నయం. ఇరుక్కుంటే కిరసనాయిలు, పలచటి నూనె కలిపి పోసి నానబెడితే కొంత వదలొచ్చు.

"నానబెట్టున్రి. గ్యాసునూనె నేను తెస్త."

ఆ రోజుల్లో కిరసనాయిలు కోటా మీద వచ్చేది. స్టవ్‌కు తెచ్చుకున్నదంతా సీసాతో తీసుకెళ్లి ఇచ్చాను. ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టాను. తడి కట్టెలు. మా ఆయన మంచం మీద దగ్గుతూ, "ఇంట్ల పొగ, బండిల పొగ" అన్నాడు. "బండిల పొగ పోయేదాంక ఇంట్ల ఉంటది" అన్నాను.

శుక్రవారం నేను వెళ్లేసరికి బావగారు, పాత ఇనుము వ్యాపారి షెడ్డు దగ్గర ఉన్నారు. బావగారు ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలో నిలబడ్డాడు. వ్యాపారి టైర్లను కాలితో తంతున్నాడు. తన్నితే ఏం తెలుస్తుందో నాకు ఈనాటికీ తెలియదు.

ఉస్తాద్ నాజిళ్లు పెట్టకుండానే హ్యాండిల్ తిప్పించబోతున్నాడు. లోపల కిరసనాయిలు నిండి ఉండగా రంధ్రాలు మూసి తిప్పితే, అది నలగదు, పిస్టన్ కడ్డీ వంగిపోతుందట. "అందరు పక్కకు జరుగున్రి, ఉమ్ముతది" అన్నాడు. నేను జరిగాను. వ్యాపారి జరగలేదు, ఇంజన్‌లోకి ఇంకా వంగాడు. హ్యాండిల్ తిప్పగానే నల్లటి కిరసనాయిలు బారెడెత్తు లేచి ఆయన మెడ నుంచి బొడ్డు దాకా తడిపింది. బావగారి లాల్చీకి కూడా కొన్ని చుక్కలు.

"లా హౌల్..." అన్నాడు వ్యాపారి. "అన్నా, శుక్రవారం నమాజుకని స్నానం చేసి వచ్చిన!"

"మల్లొకపారి చేస్తే పుణ్యమే గదా" అన్నాడు హ్యాండిల్ తిప్పినవాడు.

కిందికి కూడా జారి ఉంటుందని చాంబర్‌లోని నూనె మొత్తం దించేశారు. కొత్త నూనె పోసి నడిపిస్తే తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. మనిషికి మనిషి కనపడలేదు.

"గిదా మీరు చేసిన బాగు?" పొగలోంచి బావగారి గొంతు.

పొగ విడిపోయింది. ఇంజన్ చప్పుడు ముందుకంటే గట్టిగా, సమంగా ఉంది. ఉస్తాద్ బ్రీదర్ దగ్గర చేయి పెట్టి చూశాడు. "సగం ఇడిసినయి. సగం పట్టుకొనే ఉన్నయి. ఇంజన్ మీది హెడ్ తీసి పిస్టన్ బయటికి గుంజాలె" అన్నాడు.

ఇక్కడే కష్టమొచ్చింది. బండి బాగా నడుస్తోందని వ్యాపారి ధర పెంచాడు. పెంచగానే బావగారు ఆగలేకపోయాడు. మొట్టమొదటిసారి నేరుగా నాతో మాట్లాడాడు.

"చూడమ్మా, నడుస్తుండగనే అమ్మాలె. ఇప్పితే లోపట ఏముంటదో ఎవనికి తెలుసు? ఇప్పినంక ఈయన గూడ కొనడు. తమ్ముడు ఒప్పుకున్నడు."

"ఆయన ఒప్పుకున్నడు, నేను ఒప్పుకోలే."

"బండి వాని పేరు మీద ఉన్నది."

"ఉన్నది. ఆయన మంచం దిగలేడు బావా. దస్కతు పెట్టాలంటే కలం నేనే అందియ్యాలె. అందియ్య."

పనివాళ్లు పని ఆపారు. వ్యాపారి చొక్కా పిండుకోవడం ఆపాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు. లోపల గోడ పోయి ఉంటే కాచిగూడ గది ఎటూ తప్పదు, అప్పుడు ఇంతకంటే తక్కువకు పోతుంది బండి. అది నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

"నీ ఇష్టం. రేపు నన్ననొద్దు" అన్నాడు బావగారు.

"మిమ్మల్ని ఎందుకంట? ఇప్పు ఉస్తాద్."

హెడ్డు తీశారు, కింద చాంబర్ దించారు. మూడో పిస్టన్‌ను పై నుంచి బయటికి లాగారు. దాని రింగులు గాడిలో కదలడం లేదు. పాలు మాడిన గిన్నె అడుగులా నల్లగా, గట్టిగా అతుక్కుని ఉన్నాయి. ఉస్తాద్ సిలిండర్ గోడను గుడ్డతో తుడిచి నన్ను పిలిచాడు.

"గోరు పెట్టి పై నుంచి కిందికి గీయమ్మా. ఎక్కడన్న తగుల్తున్నదా?"

చేయి లోపలికి పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. బావగారు కూడా దగ్గరికి వచ్చి వంగి చూస్తున్నాడు. పై నుంచి కిందికి, చుట్టూ, మళ్లీ పై నుంచి కిందికి గీశాను.

"తగుల్తలేదు."

ఆయన కూడా గీసి చూశాడు. "గోడ మంచిగున్నది. బోరింగు వద్దు, ఏం వద్దు. మసి పట్టింది, అంతే."

ఒక రింగు తీస్తుంటేనే విరిగింది. ఆ మూడో పిస్టన్‌కు కొత్త రింగుల సెట్టు వేశారు. మిగతా మూడు పిస్టన్ల రింగులు జాగ్రత్తగా తీసి శుభ్రం చేస్తే చాలన్నాడు. గాళ్లలో మసి గీకడానికి ఆ విరిగిన రింగు ముక్కనే అరగదీసి పనిముట్టు చేశాడు. ఆ గీకుడు పని నేను చేస్తానన్నాను. కూలి ఎందుకు దండగ? ఒక డబ్బా బోర్లించుకుని షెడ్డు ముందు కూర్చుని గీకాను. స్టేషన్‌కు పోయేవాళ్లు చూశారు. మా వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూశారు. చూడనీ. జీవితమంతా గిన్నెలు తోమిన చేతులు, ఇనుప గిన్నె అయితే ఏం?

రింగులు ఎక్కించేటప్పుడు వాటి చివరలు కలిసే మూతులు ఒకే వరుసలో లేకుండా తలోవైపు తిప్పి పెట్టాడు ఉస్తాద్. వరుసగా ఉంటే గాలి ఆ సందులో తిన్నగా జారుతుందట. బ్రీదర్‌కు ఇంకో గొట్టం అతికించి దాని మూతిని తొట్టికి అవతల, రోడ్డు వైపు దించాడు.

అంతా అయ్యాక డ్రైవరును పిలిచి, "ఇంత మసి ఎట్ల వచ్చిందిరా?" అని అడిగాడు. వాడు నసిగాడు. గూడ్స్ షెడ్డు ముందు బండ్లు వరుసలో గంటలకొద్దీ ఆగుతాయి. మా బండి బ్యాటరీలో బలం లేదు. ఆపితే మళ్లీ తోయించుకోవాలి, అందరి ముందు తోయించుకోవడం డ్రైవర్లకు నామోషీ. అందుకని ఆపేవాళ్లు కారు. బరువు లేకుండా, వేడెక్కకుండా మెల్లగా గంటలు నడిస్తే డీజిల్ సరిగ్గా కాలదు, ఆ మసి అంతా రింగుల్లో చేరుతుంది. మా ఆయన కూడా అలాగే నడిపేవాడు.

బండి మళ్లీ పనిలోకి దిగిన మొదటిరోజు డ్రైవరు పక్కన నేనూ ఎక్కాను. గూడ్స్ షెడ్డు ముందు ఎప్పటి లాగే వరుస. మా ముందు చాలా బండ్లు.

"బంద్ చెయ్యి," అన్నాను.

"అమ్మా, మల్ల స్టార్ట్ కాకుంటే ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ నాకు కూడు పెడ్తదా? బంద్ చెయ్యి."

ఆపాడు. ముందు బండి కదిలాక మీట నొక్కితే మా బండి గురక పెట్టి ఊరుకుంది. వెనక లారీ డ్రైవరు హారన్ మోగించాడు. "ఏం, మీ ముసల్ది సచ్చిందా?" అని అరిచాడు. ఇంకొకడు, "ఇనుపోనికి ఇయ్యలేదా ఇంకా?" అన్నాడు.

నేను దిగి, షెడ్డు మెట్ల మీద కూర్చున్న హమాలీల దగ్గరికి వెళ్లాను. "తోయున్రి. బేళ్లు ఎక్కించినంక చాయ్ తాగిపిస్త."

"ఒక్క చాయ్‌కి ఇంత బండా అమ్మా?"

"ఇద్దరికొక చాయ్."

వాళ్లు నవ్వుకుంటూ లేచి వచ్చారు. కొంగు నడుముకు చెక్కుకుని తొట్టికి ఒక మూల నేనూ చేయి వేశాను. "అమ్మా, మీరు వద్దు" అన్నాడొక హమాలీ. "ఊకో, తొయ్యి" అన్నాను. నాలుగు అడుగులు తోయగానే బండి ఎగిరిపడి అందుకుంది. రోడ్డు పక్క దించిన కొత్త గొట్టం మూతి దగ్గర చలికాలం నోటి ఆవిరంత పొగ వచ్చింది, అంతే.

వరుస ఒక బండి పొడుగు జరిగి మళ్లీ ఆగింది. డ్రైవరు నా వైపు చూశాడు.

"చూస్తవేంది?" అన్నాను. "బంద్ చెయ్యి."